పెరటి కూరగాయల వరుగులు: ఎండుదలను తేల్చేది కన్ను కాదు, తూకం

మాఘమాసం మొదలుకొని వైశాఖం వరకు తెలుగు పల్లెల్లో మిద్దెల మీద, అరుగుల మీద, నులక మంచాల మీద వరుగులు ఆరబెట్టడం తరతరాలుగా వస్తున్న అలవాటు. గోరుచిక్కుడు, వంకాయ, కాకర, బెండ, టమాటా, పచ్చి మామిడి వంటి వాటిని కాపు విరివిగా ఉన్న రోజుల్లో ఎండబెట్టి, కూరగాయలు కరువయ్యే వానాకాలానికి దాచుకునేవారు. కొన్ని ప్రాంతాల్లో వీటినే ఒరుగులు అంటారు. పెరటి తోటలు, మిద్దె తోటలు పెరుగుతున్నందువల్ల ఈ అలవాటుకు మళ్లీ ఆదరణ లభిస్తోంది. ఒకేసారి కాపుకు వచ్చిన కూరగాయలను కుటుంబం తినలేదు. కొద్దిపాటి సరుకును మార్కెట్టుకు తీసుకువెళ్లడమూ గిట్టుబాటు కాదు. అటువంటప్పుడు ఖర్చు లేకుండా అందుబాటులో ఉన్న నిల్వ సాధనం సూర్యరశ్మి ఒక్కటే.

అయితే శిక్షణ కార్యక్రమాల్లో మహిళలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "నాలుగు రోజులు మంచి ఎండలోనే పెట్టామండీ. గలగలలాడాయి కూడా. శ్రావణంలో డబ్బా మూత తీస్తే బూజు వాసన వచ్చింది. ఎండ చాలలేదా?" ఈ ప్రశ్నకు విస్తరణ సిబ్బందిగా మనం ఇంతకాలం ఇస్తూ వచ్చిన సమాధానం "ఇంకొక రెండు రోజులు ఎండబెట్టండి" అన్నదే. ఈ వ్యాస రచయిత కూడా ఎన్నో శిక్షణల్లో ఇదే చెప్పి సరిపుచ్చుకున్నవాడే. ఆ సమాధానం తప్పు కాకపోయినా అసంపూర్ణమైనది. ఎండుదల ఎక్కడ పూర్తవుతుందో తెలియనప్పుడు రోజుల లెక్క ఎవరికీ ఉపయోగపడదు. వరుగు ఎండే తీరు, దాన్ని నిర్ణయించే అంశాలు, పూర్తిగా ఎండినదీ లేనిదీ ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి ఈ వ్యాసంలో వివరించడమైనది.

నిల్వను నిర్ణయించేది ఏది?

తాజా కూరగాయల బరువులో అధిక భాగం నీరే. టమాటాలో సుమారు 94 శాతం, వంకాయలో 93, కాకరలో 92, బెండలో 90, గోరుచిక్కుడులో 81 శాతం తేమ ఉంటుంది. బాక్టీరియా, ఈస్టు, బూజు జాతులు పెరగడానికి ఈ నీరే ఆధారం. అయితే సూక్ష్మజీవులకు ఉపయోగపడేది మొత్తం నీరు కాదు. కణజాలంలోని చక్కెరలతో, లవణాలతో, మాంసకృత్తులతో బంధింపబడకుండా స్వేచ్ఛగా ఉన్న నీరు మాత్రమే. ఈ లభ్యతను తెలిపే కొలమానాన్ని నీటి క్రియాశీలత అంటారు. స్వచ్ఛమైన నీటికి దీని విలువ 1.0. అధిక శాతం బాక్టీరియా 0.90 కంటే తక్కువ విలువ వద్ద పెరగలేవు. సాధారణ బూజు జాతుల పెరుగుదల 0.70 దగ్గర చాలావరకు ఆగిపోతుంది. 0.60 కంటే దిగువన ఏ సూక్ష్మజీవీ వృద్ధి చెందదు. వరుగులను 0.60 కంటే దిగువకు తీసుకురావడమే ఎండబెట్టడంలో మన లక్ష్యం. కూరగాయల్లో తేమను 8 శాతానికి తగ్గిస్తే ఈ లక్ష్యం సురక్షితంగా నెరవేరుతుంది.

ఇక్కడ మరొక విషయం గుర్తుంచుకోవాలి. ఎండబెట్టడం వల్ల సూక్ష్మజీవుల పెరుగుదల ఆగుతుందే తప్ప అవన్నీ చనిపోవు. తిరిగి తేమ తగలగానే అవి మేల్కొంటాయి. అందువల్ల కూరగాయలను శుభ్రమైన నీటితో కడగడం, చేతుల శుభ్రత పాటించడం, ఈగలు, దుమ్ము, పక్షుల నుంచి కాపాడడం ఎండుదలతో సమానంగా ముఖ్యమైనవి.

చివరి పదహారు గ్రాములు

ఒక కిలో బెండకాయ ముక్కలను ఉదాహరణగా తీసుకుందాం. ఇందులో 900 గ్రాముల నీరు, 100 గ్రాముల ఘనపదార్థం ఉంటాయి. ఎండుతున్న కొద్దీ ఘనపదార్థం మారదు, నీరు మాత్రమే తగ్గుతుంది. తేమ 20 శాతానికి చేరినప్పుడు ముక్కల బరువు 125 గ్రాములు, అందులో మిగిలిన నీరు 25 గ్రాములు. తేమ 8 శాతానికి చేరినప్పుడు బరువు సుమారు 109 గ్రాములు, మిగిలిన నీరు 9 గ్రాములు. అంటే 900 గ్రాముల్లో 875 గ్రాముల నీరు పోయిన తరువాత కూడా వరుగు బూజు పట్టే స్థితిలోనే ఉంటుంది. అప్పటికి మొత్తం నీటిలో 97 శాతం ఆవిరైపోయింది. ముక్క ముడుచుకుపోయి, రంగు మారి, పైపొర గట్టిపడి, చేత్తో కదిపితే చప్పుడు కూడా చేస్తుంది. చూసేవారికి అది ఎండిన వరుగే. పాడయ్యే వరుగుకు, నిలిచే వరుగుకు మధ్య తేడా కేవలం 16 గ్రాములు. ఈ తేడాను కన్నుగానీ చెవిగానీ పట్టుకోలేవు.

పైగా ఈ చివరి నీరు బయటికి రావడం కష్టం. ఎండబెట్టిన తొలి గంటల్లో ముక్క ఉపరితలం తడిగా ఉంటుంది కాబట్టి నీరు వేగంగా ఆవిరవుతుంది. ఉపరితలం ఆరిన తరువాత లోపలి నీరు కణాల గుండా మెల్లగా పైకి వ్యాపించాలి. తేమ తగ్గే కొద్దీ ఈ వ్యాపనం మందగిస్తుంది. మొదటి రోజు సాయంత్రానికే బరువు సగానికి పైగా తగ్గడం, తరువాత రెండు రోజులు పట్టినా కొద్ది గ్రాములే తగ్గడం ఇందువల్లనే. మొదటి రోజు వేగాన్ని చూసి రెండో రోజుకే పని ముగిసిందనుకోవడం అత్యంత సాధారణంగా జరిగే పొరపాటు.

ఎండ చేసే పని, గాలి చేసే పని

ఒక కిలో నీటిని ఆవిరిగా మార్చడానికి సుమారు 2,400 కిలోజౌళ్ల ఉష్ణశక్తి కావాలి. మన రాష్ట్రాల్లో వేసవి రోజున ఒక చదరపు మీటరు నేలపై సుమారు 6 కిలోవాట్ గంటల సౌరశక్తి, అంటే 21,600 కిలోజౌళ్లు పడుతుంది. ఇందులో నాలుగో వంతు మాత్రమే ఆవిరి చేయడానికి ఉపయోగపడిందనుకున్నా రోజుకు సుమారు రెండుంబావు కిలోల నీరు పోతుంది. చదరపు మీటరుకు 4 కిలోల ముక్కలు పరిస్తే తీయవలసిన నీరు సుమారు 3.6 కిలోలు. చివరి దశలోని మందగమనాన్ని కలుపుకొంటే రెండు నుంచి మూడు రోజులు పడుతుంది. అదే స్థలంలో 8 కిలోలు కుప్పగా పోస్తే అడుగు ముక్కలు మూడో రోజుకు కూడా పచ్చిగానే ఉండి పులిసిపోతాయి. కనుక పరిచే పరిమాణం చదరపు మీటరుకు 3 నుంచి 4 కిలోలు మించకూడదు.

ఎండ ఇచ్చేది ఉష్ణం. ఆవిరైన నీటిని మోసుకుపోవలసింది గాలి. గాలి ఎంత నీటిని తీసుకోగలదన్నది దాని సాపేక్ష ఆర్ద్రతపై ఆధారపడుతుంది. ప్రతి ఎండు పదార్థమూ తన చుట్టూ ఉన్న గాలితో సమతాస్థితికి చేరుతుంది. గాలిలో ఆర్ద్రత 65 శాతం ఉంటే, ఆ గాలిలో ఎంతకాలం ఉంచినా ముక్క నీటి క్రియాశీలత 0.65 దగ్గరే నిలిచిపోతుంది. రాయలసీమలోను, తెలంగాణ మెట్ట ప్రాంతాల్లోను ఏప్రిల్ మధ్యాహ్నపు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అక్కడి వరుగులు సులభంగా ఎండుతాయి. కోస్తా తీరంలో ఎండ తీక్షణంగా ఉన్నా సముద్రపు గాలిలోని తేమ వల్ల చివరి దశ పూర్తికావడం కష్టం.

అయినా తీర ప్రాంతంలో వరుగులు ఎండుతూనే ఉన్నాయి కదా అన్న సందేహం రావచ్చు. నేరుగా ఎండ తగిలిన ముక్క చుట్టూ ఉన్న గాలి కంటే ఎక్కువగా వేడెక్కుతుంది. 34 డిగ్రీల సెల్సియస్ వద్ద 65 శాతం ఆర్ద్రత గల గాలి ముక్క ఉపరితలం వద్ద 45 డిగ్రీలకు వేడెక్కితే ఆర్ద్రత సుమారు 36 శాతానికి తగ్గుతుంది. మధ్యాహ్నం వరుగు ఎండేది ఈ కారణం చేతనే. ఎండ వాలగానే ముక్క చల్లబడి, ఆర్ద్రత మళ్లీ పెరిగి, పోయిన తేమలో కొంత తిరిగి చేరుతుంది. రాత్రి ఆరుబయట వదిలితే మంచు కూడా తోడవుతుంది. అందువల్ల రెండు నియమాలు పాటించాలి. ఒకటి, ప్రతి సాయంత్రం ఎండ తగ్గకముందే వరుగులను లోపలికి తెచ్చి మూత ఉన్న పాత్రలో గానీ దళసరి గుడ్డ కింద గానీ ఉంచాలి. రెండు, చివరి రోజున డబ్బాలకు ఎత్తవలసిన వేళ మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతం. సందెవేళ ఎత్తిన వరుగు, మధ్యాహ్నం సాధించిన ఎండుదలను కొంత కోల్పోయిన వరుగు.

ముక్క మందం, పరిచే తీరు

లోపలి నీరు ఉపరితలానికి చేరడానికి పట్టే కాలం ముక్క మందానికి వర్గానుపాతంలో ఉంటుంది. 5 మిల్లీమీటర్ల మందం గల ముక్కతో పోలిస్తే 10 మిల్లీమీటర్ల ముక్కకు సుమారు నాలుగు రెట్ల కాలం పడుతుంది. ఒకే పళ్లెంలో రెండు రకాల మందం గల ముక్కలుంటే పలుచనివి ఎండినప్పటికి మందమైనవి పచ్చిగా ఉంటాయి. డబ్బాలో చేరిన తరువాత మందమైన ముక్కల తేమ మిగిలినవాటికీ పాకుతుంది. కాబట్టి అన్ని ముక్కలూ ఒకే మందంలో, 4 నుంచి 6 మిల్లీమీటర్ల మధ్య తరగడం మంచిది.

సిమెంటు గచ్చు మీద ప్లాస్టిక్ పట్టా పరచి ఎండబెట్టడం నేడు ఎక్కువగా కనిపిస్తోంది. ఈ పద్ధతిలో ముక్క అడుగుభాగం నుంచి ఆవిరి పోయే దారి లేక తేమ పట్టాకు అంటుకొని ఉంటుంది. పూర్వం నులక మంచం మీద పలుచని నూలు గుడ్డ పరచి ఎండబెట్టేవారు. నేలకు రెండు మూడు అడుగుల ఎత్తున ఉండడం వల్ల గాలి కింది నుంచి కూడా తగిలి, ముక్క రెండు వైపులా ఆరుతుంది; దుమ్మూ తక్కువ చేరుతుంది. వెదురు తడికలు, ఆహార పదార్థాలకు అనువైన నైలాను వల బిగించిన చట్రాలు ఇదే ప్రయోజనాన్ని ఇస్తాయి. పులుపు గల టమాటా, మామిడి ముక్కలను జింకు పూత పూసిన ఇనుప వల మీద ఎండబెట్టకూడదు. ఆమ్లం జింకును కరిగిస్తుంది. పైన పలుచని గుడ్డ కప్పితే ఈగలు వాలవు. తొలి రోజు రెండు మూడు గంటలకొకసారి ముక్కలను తిరగవేయాలి.

ఎండబెట్టడానికి ముందు

కోసిన కూరగాయల్లోని పెరాక్సిడేజ్, పాలీఫినాల్ ఆక్సిడేజ్ వంటి ఎంజైములు ఎండిన తరువాత కూడా మెల్లగా పనిచేస్తూ రంగును, రుచిని, విటమిన్లను చెడగొడతాయి. ఉడుకు నీటిలో గానీ ఆవిరిలో గానీ కొద్ది నిమిషాలు ఉంచితే ఇవి నిర్వీర్యమవుతాయి. ఆహార శాస్త్రంలో దీన్ని బ్లాంచింగ్ అంటారు. గోరుచిక్కుడు కాయలను ఉప్పు నీటిలో వేసి ఒక పొంగు రానిచ్చి, వార్చి ఎండబెట్టడం మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్న ఆచారం. ఎంజైముల పేరు తెలియకపోయినా ఆ పని జరుగుతూనే ఉంది. ఉడుకు వల్ల సూక్ష్మజీవుల సంఖ్య తగ్గుతుంది, కణపొరలు సడలి నీరు సులభంగా బయటికి వస్తుంది.

గోరుచిక్కుడుకు 3 నుంచి 4 నిమిషాలు, కాకర, వంకాయ ముక్కలకు 2 నుంచి 3 నిమిషాలు చాలు. వంకాయ ముక్కలు తరిగిన వెంటనే ఉప్పు నీటిలో వేస్తే నల్లబడవు. బెండకాయను ముక్కలుగా తరిగి ఉడికిస్తే జిగురు బయటికి వచ్చి ముక్కలు అతుక్కుంటాయి. లేత కాయలను నిలువునా ఆవిరిలో 2 నిమిషాలు ఉంచి, చల్లారిన తరువాత తరగడం మేలు. సహజంగానే ఆమ్లత గల టమాటాకు బ్లాంచింగ్ అవసరం లేదు; చక్రాలుగా కోసి, కొద్దిగా ఉప్పు చల్లి నేరుగా ఎండబెట్టవచ్చు. సాధ్యమైనచోట ఉడుకు నీటి కంటే ఆవిరి మేలు. నీటిలో ఉడికించినప్పుడు విటమిన్ సి, ఖనిజ లవణాలు, చక్కెరలు కొంతవరకు నీటిలోకి పోతాయి. ముదిరిన, పుచ్చిన, చీడపట్టిన కాయలు వరుగులకు పనికిరావు. నాణ్యత లేని కాయను ఎండబెట్టడం దాని లోపాన్ని దాచిపెట్టడమే అవుతుంది.

చల్ల మిరపకాయలు, ఆకుకూరలు

చల్ల మిరపకాయల తయారీలో ఎండతో పాటు మరో రెండు రక్షణలు కలిసి పనిచేస్తాయి. గాటు పెట్టిన పచ్చి మిరపకాయలను ఉప్పు కలిపిన పుల్లని మజ్జిగలో రాత్రంతా నానబెట్టి, పగలు ఎండబెట్టి, సాయంత్రం తిరిగి అదే మజ్జిగలో వేస్తారు. మజ్జిగ ఇంకిపోయే వరకు ఇలా మూడు నాలుగు రోజులు చేసి, ఆ తరువాత పూర్తిగా ఎండబెడతారు. లాక్టిక్ ఆమ్లం హానికర బాక్టీరియాను అణచి ఉంచుతుంది. ఉప్పు నీటి క్రియాశీలతను తగ్గిస్తుంది. రాత్రివేళ ఎండుదల ఆగినా కాయ చెడిపోకపోవడానికి ఈ రెండే కారణం. ఎండను మాత్రమే నమ్ముకొనే ఎండు మిరపకు ఈ రక్షణ లేదు. కల్లాల్లో తేమ తగ్గక ముందే కుప్పవేసినా, మంచు పడినా ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పెరిగి అఫ్లాటాక్సిన్ అనే విషపదార్థం ఉత్పత్తి కావచ్చు. సుగంధ ద్రవ్యాల్లో మొత్తం అఫ్లాటాక్సిన్లకు మన దేశపు ఆహార ప్రమాణాలు విధించిన పరిమితి కిలోకు 30 మైక్రోగ్రాములు. ఈ విషం వేడికి తట్టుకుంటుంది. నూనెలో వేయించినంత మాత్రాన పూర్తిగా నశించదు. అందువల్ల బూజు పట్టిన వరుగులను ఏరి, తుడిచి, మళ్లీ ఎండబెట్టి వాడడం ఎంతమాత్రం తగదు. వాటిని పారవేయాలి.

మునగాకు, తోటకూర, మెంతికూర, కరివేపాకు వంటి వాటిని నేరుగా ఎండలో పెట్టకూడదు. ఆకుకూరల్లో విలువైన బీటా కెరోటిన్ కాంతికి, గాలికి ఆక్సీకరణ చెందుతుంది. విటమిన్ సి ఇంకా త్వరగా నశిస్తుంది. ఆకు పలుచనిది కావడం వల్ల నీరు త్వరగా పోతుంది, ఎండ అవసరం లేదు. గాలి బాగా ఆడే నీడలో పలుచగా పరిస్తే పొడి వాతావరణంలో రెండు మూడు రోజుల్లో నలిపితే పొడి అయ్యేటట్లు ఎండుతుంది. రక్తహీనత, విటమిన్ ఎ లోపం నివారణ కోసం మునగాకు పొడిని సిఫారసు చేసేటప్పుడు నీడన ఎండబెట్టమని చెప్పడం మరువకూడదు. ఎండలో పాలిపోయిన ఆకుపొడిలో మనం ఆశించిన పోషకం చాలావరకు మిగలదు.

సౌర ఆరబెట్టే పెట్టె

తీర ప్రాంతాలకు, శీతకాలపు టమాటా కాపుకు పెట్టె తరహా సౌర డ్రయ్యరు ఉపయోగపడుతుంది. లోపల నల్ల రంగు వేసిన చెక్క పెట్టె, పైన దక్షిణానికి వాలుగా గాజు లేక అతినీలలోహిత కిరణాలకు తట్టుకునే పాలిథీన్ పొర, మధ్యలో వల పళ్లెం, అడుగున గాలి వచ్చే రంధ్రాలు, వెనుక గోడ పైభాగాన గాలి పోయే రంధ్రాలు ఉంటే చాలు. మన అక్షాంశాలను బట్టి 15 నుంచి 20 డిగ్రీల వాలు సరిపోతుంది. పైన చెప్పిన 34 డిగ్రీల, 65 శాతం ఆర్ద్రత గల గాలినే ఇందులో 50 డిగ్రీలకు వేడిచేస్తే ఆర్ద్రత 28 శాతానికి పడిపోతుంది. తీరంలో అసాధ్యమనుకున్న చివరి దశ ఇక్కడ సాధ్యమవుతుంది.

ఎక్కువ వేడి కోసం గాలి రంధ్రాలను మూసివేయడం తరచుగా కనిపించే పొరపాటు. అప్పుడు ఆవిరి లోపలే నిలిచి పై పొరకు నీటి బిందువులు పడతాయి. ముక్కలు ఎండడానికి బదులు ఉడుకుతాయి. తొలి దశలోనే ఉష్ణోగ్రత 65 డిగ్రీలు దాటితే ముక్క పైపొర గట్టిపడి లోపలి నీటికి దారి మూసుకుపోతుంది. పైకి పెళుసుగా ఉండి లోపల మెత్తగా ఉండే ఇటువంటి వరుగే డబ్బాలో అందరికంటే ముందు బూజు పడుతుంది. పెట్టెలో ఒక ఉష్ణమాపకం ఉంచి 50 నుంచి 60 డిగ్రీల మధ్య నిలుపుకోవాలి.

తూకంతో తేల్చే పద్ధతి

గ్రాము వరకు చూపే వంటింటి ఎలక్ట్రానిక్ త్రాసు నేడు కొన్ని వందల రూపాయలకే లభిస్తోంది. దానితో ఎండుదలను ఈ సూత్రం ప్రకారం తేల్చవచ్చు:

తుది తూకం = తొలి తూకం × (100 − తొలి తేమ శాతం) ÷ (100 − కోరిన తేమ శాతం)

తుది తేమ 8 శాతంగా తీసుకుంటే, తరిగిన ఒక కిలో తాజా ముక్కలకు చేరవలసిన తూకం ఈ విధంగా ఉంటుంది:

టమాటా (తేమ 94 శాతం): 65 గ్రాములు
వంకాయ (93 శాతం): 76 గ్రాములు
కాకర (92 శాతం): 87 గ్రాములు
బెండ (90 శాతం): 109 గ్రాములు
గోరుచిక్కుడు (81 శాతం): 207 గ్రాములు
మునగాకు (76 శాతం): 261 గ్రాములు

మొత్తం సరుకును ప్రతిరోజూ తూచనవసరం లేదు. అరకిలో ముక్కలను విడిగా తూచి, చిన్న వల పళ్లెంలో వేసి మిగిలిన ముక్కల మధ్యనే ఎండబెట్టాలి. ప్రతిరోజూ మధ్యాహ్నం మూడు గంటలకు ఆ పళ్లెం ఒక్కటే తూచి, పళ్లెం బరువు తీసివేసి రాసుకోవాలి.

ఈ సూత్రాన్ని వాడేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. నీటిలో ఉడికించినప్పుడు ఘనపదార్థంలో కొంత నీటిలోకి పోతుంది. కిలో బెండలోని 100 గ్రాముల ఘనపదార్థంలో పదో వంతు పోయిందనుకుందాం. అప్పుడు 109 గ్రాముల తూకం వద్ద మనం 8 శాతం తేమ ఉందనుకుంటాం. నిజానికి అందులో 90 గ్రాముల ఘనపదార్థం, 19 గ్రాముల నీరు, అంటే 17 శాతానికి పైగా తేమ ఉంటుంది. సరైన తూకం 98 గ్రాములు. దీనికి భిన్నంగా ఉప్పు పట్టించిన ముక్కల్లో ఉప్పు బరువు ఘనపదార్థానికి తోడవుతుంది. కిలో గోరుచిక్కుడు 20 గ్రాముల ఉప్పు పీల్చుకుంటే చేరవలసిన తూకం 207 కాదు, 228 గ్రాములు.

ఈ సవరణలు గృహిణులు చేసుకోవలసినవి కావు, మనం చేసి ఇవ్వవలసినవి. కృషి విజ్ఞాన కేంద్రంలో ఆ ప్రాంతపు వాడుక ప్రకారం వరుగును ఒకసారి తయారుచేయాలి. కిలో తాజా కాయలను తరిగి, ఉప్పు వేసి, ఉడికించి, వార్చిన ముక్కలను ఓవెన్‌లో 70 డిగ్రీల వద్ద వరుస తూకాలు రెండు సమానమయ్యే వరకు ఎండబెడితే నిజమైన ఘనపదార్థం తెలుస్తుంది. దాన్ని 0.92తో భాగిస్తే చేరవలసిన తూకం వస్తుంది. శిక్షణ పొందే మహిళకు "మీ పద్ధతిలో కిలో కాయలకు ఇన్ని గ్రాములు వచ్చే వరకు" అని ఒకే ఒక సంఖ్య ఇస్తే చాలు. పరిశోధక విద్యార్థులకు కూడా ఇది తక్కువ ఖర్చుతో చేయదగిన ఉపయోగకరమైన అధ్యయనం.

తూకం రెండు రోజులుగా మారలేదన్న ఒక్క కారణంతో ఎండుదల పూర్తయిందని నిర్ణయించకూడదు. మబ్బు పట్టిన తేమ వాతావరణంలోనూ తూకం నిలకడగా ఉంటుంది. ముక్క ఆ తేమ గాలితో సమతాస్థితికి చేరిందని మాత్రమే దాని అర్థం. నిర్ణీత తూకం చేరడమే ప్రమాణం.

ఉప్పు పరీక్ష, నిల్వ

గాజు సీసాలో వరుగులతో పాటు కొద్దిగా పొడి ఉప్పు వేసి కదిపి, ఉప్పు గడ్డకట్టకపోతే ఎండినట్లే అని కొందరు సూచిస్తారు. సాధారణ ఉప్పు గాలిలో ఆర్ద్రత 75 శాతం దాటినప్పుడే నీరు పీల్చుకుంటుంది. కాబట్టి ఉప్పు పొడిగా ఉందంటే నీటి క్రియాశీలత 0.75 కంటే తక్కువ అని మాత్రమే తెలుస్తుంది. మనకు కావలసింది 0.60. ఉప్పు తడిస్తే వరుగు ఎండలేదని రూఢిగా చెప్పవచ్చు. తడవకపోతే ఎండిందని చెప్పలేం.

వానాకాలంలో ఉప్పు వరుగులు చెమ్మగిల్లడానికీ ఇదే కారణం. జాడీ మూతికి వాసెన కట్టడం పురుగును ఆపుతుంది గాని నీటి ఆవిరిని ఆపదు. బయటి ఆర్ద్రత 75 శాతం దాటిన రోజుల్లో వరుగులోని ఉప్పు గుడ్డ గుండా వచ్చిన తేమను లాగుకుంటుంది. కాబట్టి గాలి చొరని మూత గల గాజు సీసాలు, స్టీలు డబ్బాలు వాడాలి. ఒకే పెద్ద డబ్బా కంటే వంటకు ఒకసారికి సరిపడే చిన్న పొట్లాలు మేలు. తీసిన ప్రతిసారీ మొత్తం సరుకుకు తేమ తగలదు.

డబ్బాకెత్తే ముందు వరుగులను మూత పెట్టిన పొడి పాత్రలో అరగంట చల్లారనివ్వాలి. వేడిగా నింపితే మూత లోపల నీటి బిందువులు పడతాయి. మొదట గాజు సీసాలో మూడింట రెండు వంతులు నింపి, మూత బిగించి, వారం నుంచి పది రోజులు రోజుకొకసారి కదపాలి. ముక్కల మధ్య తేమ సమానమవుతుంది. గాజు లోపలి వైపు చెమ్మ కనిపిస్తే ఆ సీసాను మళ్లీ ఎండకు పెట్టాలి. ఎండబెట్టేటప్పుడు చేరిన పురుగుల గుడ్ల నుంచి ఎర్ర పిండి పురుగు, సిగరెట్ బీటిల్ వంటివి వృద్ధి చెందుతాయి. డీప్ ఫ్రీజర్ ఉన్నవారు మైనస్ 18 డిగ్రీల వద్ద రెండు రోజులు ఉంచితే ఈ బెడద తప్పుతుంది. తీసిన తరువాత గది వేడికి వచ్చే వరకు పొట్లం విప్పకూడదు. వరుగులను చీకటిగా, చల్లగా ఉండే చోట ఉంచి, ప్రతి పొట్లంపై తయారీ తేదీ రాసి, తదుపరి కాపు వచ్చేలోగా వాడుకోవాలి.

ముగింపు

వరుగుల తయారీలో మన పెద్దలకు తెలియనిది చాలా తక్కువ. ఉప్పు నీటి పొంగు, మజ్జిగ నాన, నులక మంచం, నీడన ఆకు, ఇవన్నీ శాస్త్రపరీక్షకు నిలిచే పద్ధతులే. వారికి లేనిది గ్రాములను చూపే త్రాసు ఒక్కటే. పొడి గాలి గల ప్రాంతాల్లో ఆ లోటు పెద్దగా బాధించలేదు. తేమ గాలి గల చోట, మబ్బు పట్టిన రోజుల్లో ఆ లోటే ఇంటిల్లిపాది శ్రమను బూజు పాలు చేస్తోంది. విస్తరణ శాస్త్రవేత్తలు ఇకపై జరిపే ప్రతి వరుగుల ప్రదర్శనలోనూ కత్తిపీట పక్కన ఒక త్రాసు ఉంచాలి. "ఎన్ని రోజులు ఎండబెట్టాలి?" అన్న ప్రశ్నకు "ఎన్ని గ్రాములకు రావాలి?" అన్న ప్రశ్నతో బదులివ్వడం మొదలుపెడితే, శ్రావణంలో మూత తీసిన డబ్బా నుంచి బూజు వాసన రాదు.